కదిలినవాళ్లు పడని ఫొటో

చిరునామాల కార్యాలయాన్ని ప్రజలు అపార్థం చేసుకుంటున్నారనీ, వాళ్లు దాన్ని ఒకే కోణం నుంచి చూడటమే అందుకు కారణమనీ డైరెక్టరుగారు కనిపెట్టారు. కనిపెట్టిన మర్నాడే సిబ్బందినంతా హాల్లో నిలబెట్టి, తాను కూర్చుని, ఆ సంగతి ప్రకటించారు.

"ప్రజలు మనల్ని ఎక్కణ్ణించి చూస్తున్నారు? కౌంటరు అవతల నుంచి. అక్కణ్ణించి చూస్తే ఏం కనిపిస్తుంది? ముందున్నవాడి వీపు కనిపిస్తుంది. ఆ వీపే మన కార్యాలయం అనుకుని ఇంటికి వెళ్లిపోతున్నారు. ఇది ఘోరం. ఈ కార్యాలయానికి ఒక ముఖం ఉంది. దాన్ని అన్ని కోణాల నుంచీ ఫొటోలు తీయించి, అన్నిటినీ కలిపి ఒకే ఒక్క సమగ్ర చిత్రంగా రూపొందించి, పై కార్యాలయానికి సమర్పించాల్సిన చారిత్రక బాధ్యత మన భుజాల మీద పడింది!"

సిబ్బంది చప్పట్లు కొట్టారు. భుజాల మీద ఏది పడినా చప్పట్లు కొట్టడం ఆ కార్యాలయంలో మొదటి నుంచీ ఉన్న మంచి అలవాటు.

చప్పట్లు కొట్టనిది ఒక్క బొంగరమే. ఆమెకు గౌరవం లేక కాదు, రెండు చేతుల నిండా ఫైళ్లున్నాయి. ఊళ్లో ఉన్న ప్రతి ఇంటికీ ఆ కార్యాలయంలో ఒక ఫైలు ఉంది. ఆ ఫైళ్లన్నీ పైకప్పుదాకా లేచిన ఇనప అరల్లో ఉన్నాయి. కౌంటరు దగ్గరికి ఎవరొచ్చి ఏ నంబరు చెప్పినా, అరల మధ్యకు పరిగెత్తి, నిచ్చెనెక్కి, దుమ్ము దులిపి, ఫైలు తెచ్చి సంబంధిత బల్ల మీద పెట్టడం, మళ్లీ పరిగెత్తడం బొంగరం ఉద్యోగం. కాలికి బలపం కట్టుకున్నట్టు పొద్దుటి నుంచి తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఆమెకు ఆ పేరు స్థిరపడింది. పేరు ఒక్కటే స్థిరపడింది, ఉద్యోగం ఇంకా స్థిరపడలేదు. ఆమె తాత్కాలికంగా చేరింది. ఆ తాత్కాలికంలోనే చెంపల దగ్గర జుట్టు నెరిసింది. ఈ ఏడాది మాత్రం ఆమెను శాశ్వత ఉద్యోగినిని చేసే విషయం ఎలాగో పై కార్యాలయం దాకా పాకింది. ఇంట్లో భర్త, అత్తగారు ఆ ఉత్తర్వు కోసం ఎదురుచూస్తున్నారు. బొంగరం కూడా ఎదురుచూస్తోంది, కానీ పరిగెడుతూ.

ఫొటోల పనికి బజారు వీధిలో స్టూడియో నడిపే ఫొటోగ్రాఫరును పిలిపించారు. గుర్తింపు కార్డులకు ఫొటోలు తీసి తీసి, మనుషులు నడుముకు పైన మాత్రమే ఉంటారని నమ్మే స్థితికి వచ్చిన మనిషి. ఈమధ్యే ఏదో కొత్త కంప్యూటరు ప్రోగ్రాం కొన్నాడు. అది పనిచేసే తీరును డైరెక్టరుగారికి వివరించాడు.

"పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఈ హాలుని అన్ని మూలల్నించీ తీస్తాను సార్. పైనుంచి, కిందనుంచి, పక్కల్నించి. తర్వాత కంప్యూటరు వాటన్నిటినీ కలిపి ఒకటే బొమ్మ చేస్తుంది. అన్నిట్లోనూ ఒకేలా ఉన్నదాన్ని నిజం అనుకుంటుంది. ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేనిదాన్ని చెత్త అనుకుని తుడిచేస్తుంది."

"చాలా న్యాయమైన పద్ధతి," అన్నారు డైరెక్టరుగారు. "ఇన్నాళ్లూ మనుషులతో చేయించాం ఈ పని."

ఫొటోలు తీసిన రోజు కార్యాలయం యథావిధిగా పనిచేసింది. ఫొటోగ్రాఫరు అరల మీదికెక్కాడు, బల్లల కింద దూరాడు, వెలుతురు కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు, కౌంటరు అవతల జనంలో నిలబడ్డాడు. అతను ఎటు వెళ్తే డైరెక్టరుగారి ముఖం అటు తిరిగింది. కుర్చీ మాత్రం కదల్లేదు, అందులోని దేహమూ కదల్లేదు. ముఖం ఒక్కటే పొద్దుతిరుగుడు పువ్వులాగా చిరునవ్వుతో కెమెరా వెంట వెళ్లింది. వెనక నుంచి తీస్తున్నప్పుడు కూడా ఆయన మెడ సాధ్యమైనంత మేర సహకరించింది. పెద్ద గుమస్తా తన బల్ల ముందు కళ్లు తెరుచుకుని నిద్రపోయారు, అది ఆయన సర్వీసులో సంపాదించిన విద్య. డిప్యూటీగారు పొద్దున్నే వచ్చి, కోటు విప్పి కుర్చీకి తగిలించి, సొంత పని మీద బయటికి వెళ్లారు. ఆయన పని గంటలన్నీ ఆ కోటే చూసుకుంటుంది. బొంగరం ఫైళ్లు మోసింది, జనం అడిగిన నంబర్లకు బదులిచ్చింది, మధ్యలో తీరిక దొరికినప్పుడల్లా ఫొటోగ్రాఫరు ఎక్కిన నిచ్చెన పట్టుకుంది.

సమగ్ర చిత్రం గోడంత సైజులో తయారై వచ్చింది. డైరెక్టరుగారు తెర లాగారు. చప్పట్లు మొదలై, సగంలో ఆగి, ఎటైతే అటవుతుందని మళ్లీ మొదలయ్యాయి.

చిత్రం అద్భుతంగా ఉంది. అరలు నిన్న కడిగినట్టున్నాయి. తిరిగే ఫ్యాన్లన్నీ మాయమై, పైకప్పు నుంచి ఊచలు మాత్రం వేలాడుతున్నాయి. ఏళ్ల తరబడి చెడిపోయి ఉన్న మూలఫ్యాను ఒక్కటే మూడు రెక్కలతో దర్జాగా కనిపిస్తోంది. నడిచే గడియారానికి ముళ్లు లేవు. ఆగిపోయిన గడియారం సమయం స్పష్టంగా చూపిస్తోంది. పెద్ద గుమస్తాగారు కనుబొమల్లో వెంట్రుకలు లెక్కపెట్టగలిగినంత చక్కగా వచ్చారు. డిప్యూటీగారి కుర్చీలో మాత్రం ఎవరో కొత్తాయన కూర్చుని ఉన్నారు. కుర్చీకి వెనక గోడ మీద కార్యాలయ వ్యవస్థాపకులవారి పటం ఉంది. కంప్యూటరుకు కింద కదలని కోటు, పైన కదలని తల కనిపించేసరికి, రెండూ ఒకరివేనని తీర్మానించుకుని అతికించేసింది. బుగ్గ మీసాలతో, కోటుతో, పనిలో మునిగిపోయిన చూపుతో అంత నిబద్ధత ఉన్న అధికారి ఆ హాల్లో అంతకుముందు ఎన్నడూ కూర్చోలేదు.

డైరెక్టరుగారికి తల లేదు.

కుర్చీ ఉంది, చొక్కా ఉంది, టై ఉంది, టై ముడి కూడా ఉంది. దాని పైన తల ఉండాల్సిన చోట వెనక గోడ మీది క్యాలెండరు ఉంది. ఫొటోగ్రాఫరు చెమటలు తుడుచుకుంటూ, వెనక నుంచి తీసినప్పుడు కూడా ముఖమే కనబడేసరికి కంప్యూటరు తికమకపడిందనీ, అన్ని వైపులా ముఖమే ఉన్న మనిషి ఉండడని దాని ఉద్దేశమనీ విన్నవించాడు. డైరెక్టరుగారు ఆలోచనలో పడ్డారు. ఆలోచించడానికి ఉండవలసింది చిత్రంలో లేకపోయినా, మనిషిలో ఉందని సిబ్బంది సంతోషించారు.

ఈ సందట్లో బొంగరం తనను తాను వెతుక్కుంటోంది. కౌంటరు దగ్గర చూసింది. అరల మధ్య చూసింది. నిచ్చెన దగ్గర చూసింది. నిచ్చెన ఉంది, పట్టుకున్న చేతులు లేవు. కౌంటరు అవతల జనం కూడా లేరు. ఆ రోజు ఆమె ఫైళ్లు తెస్తున్నకొద్దీ ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు కాబట్టి అక్కడ నేల బోసిగా మెరుస్తోంది. చివరికి మూడో అర పక్కన లేతగా ఒక మరక కనిపించింది.

"ఇది నేనేనా బాబూ?" అని ఫొటోగ్రాఫరును అడిగింది.

అతను కళ్లజోడు సవరించుకుని దగ్గరగా చూశాడు. "కాదక్కా. గోడకి చెమ్మ."

పై కార్యాలయంవారికి చిత్రం తెగ నచ్చింది. ఇంత శుభ్రంగా, ఇంత నిశ్శబ్దంగా, జనం రద్దీ అనేదే లేకుండా నడుస్తున్న కార్యాలయాన్ని తాము చూడలేదని రాశారు. ఫ్యాన్లు లేకుండా పనిచేస్తున్నందుకు విద్యుత్ పొదుపు ప్రశంస వచ్చింది. బుగ్గ మీసాల అధికారికి ఆ ఏటి ఉత్తమ ఉద్యోగి బహుమతి ప్రకటించారు. దాన్ని అందుకోవడానికి డిప్యూటీగారు వెళ్తే, చిత్రంతో పోలిక లేదని వెనక్కి పంపి, మీసాలు పెంచుకుని రమ్మని గడువిచ్చారు. ఆఖరున ఒక వాక్యం ఉంది: చిత్రంలో ఉన్నవన్నీ అవసరమైనవిగా, లేనివన్నీ అదనపువిగా పరిగణించవలెను.

బొంగరం చేతుల్లోని ఫైళ్లు దించింది. డైరెక్టరుగారి బల్ల ముందుకు వెళ్లి నిలబడింది.

"నువ్వు ఉన్నావని నాకు తెలుసమ్మా," అన్నారు ఆయన ఎంతో దయగా. "కానీ నాకు తెలియడం వేరు, కార్యాలయానికి తెలియడం వేరు. చిత్రంలో లేని మనిషిని శాశ్వతం చెయ్యమని నేను ఏ నోటితో అడగను?"

చిత్రంలో ఆయనకు ఆ నోరు కూడా లేదన్న సంగతి బొంగరం అనలేదు. ఆమె ఆ తరహా మనిషి కాదు. "ఆ రోజు మీ బల్ల మీద ఫైలు పెట్టింది నేనే కద సార్," అంది.

"ఫైలు ఉంది. చక్కగా వచ్చింది. కట్టిన తాడు ముడితో సహా ఉంది. కానీ చూస్తే అది తనంతట తనే వచ్చినట్టుంది."

బొంగరానికి ఏడుపొచ్చింది. ఇన్నేళ్లు తిరిగిన కాళ్లు ఒక్కసారిగా నొప్పెట్టాయి. అయితే ఆమె అదృష్టమో, కార్యాలయం అదృష్టమో, డైరెక్టరుగారికి తన తల మీద మమకారం ఉంది. సాంకేతిక కారణాల వల్ల సమగ్ర చిత్రాన్ని మరోసారి తీయించాలని ఆయన నిర్ణయించారు. ఈసారి ఎవరూ ఏ కారణం చేతా కదలకూడదని, కదిలినవాళ్ల భవిష్యత్తుకు కార్యాలయం పూచీ పడదని ఉత్తర్వు వెలువడింది.

వెంటనే నిశ్చలత్వంలో శిక్షణ మొదలైంది. బోధకులుగా పెద్ద గుమస్తాగారిని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. "ఇందులో నా గొప్పేం లేదు, అంతా సాధన," అన్నారాయన వినయంగా, పెదవులు తప్ప ఏమీ కదపకుండా. మొదటి పాఠంలో చేతులు బల్ల మీద పెట్టడం, రెండో పాఠంలో వాటిని మరిచిపోవడం నేర్పారు. ఎవరైనా పిలిస్తే వినబడనట్టు ఉండటం మీద ప్రత్యేక తరగతి పెట్టబోతే, దానికి శిక్షణ అవసరం లేదని సిబ్బంది ముందే నిరూపించారు. డైరెక్టరుగారు మెడకు పట్టీ వేయించుకుని వచ్చారు. అందరూ ఉత్తీర్ణులయ్యారు, బొంగరం తప్ప. ఆమెను కూర్చోబెడితే పాదం ఊగేది. పాదం ఆపితే చేతులు కాగితాల అంచులు సరిచేసేవి. చేతులు ఆపితే ఎవరో నంబరు చెప్పగానే కళ్లు అరల వైపు పరిగెత్తేవి.

"నీలో ఏదో లోపం ఉందమ్మా. ఇంటి దగ్గర సాధన చెయ్యి," అన్నారు పెద్ద గుమస్తా జాలిగా.

ఇంటి దగ్గర సాధన బాధ్యత అత్తగారు తీసుకుంది. ఆవిడ కోడలి విషయంలో ఏదైనా బాధ్యత తీసుకుందంటే ఇక తిరుగుండదు. వంటగది గుమ్మంలో కుర్చీ వేసి కోడల్ని కూర్చోబెట్టి, తాను ఎదురుగా ఇంకో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"అత్తయ్యా, పాలు పొంగుతున్నాయి."

"పొంగనీ. కదిలావంటే ఊరుకోను."

"స్టవ్వు ఆర్పేసొచ్చి కూర్చుంటాను..."

"రేపు ఆఫీసులో పాలు పొంగితే లేస్తావా? కూర్చో!"

పాలు పొంగి, స్టవ్వు మీదుగా కారి, నేల దాకా వచ్చాయి. ఇద్దరూ వాటిని గౌరవంగా చూస్తూ ఉండిపోయారు. అప్పుడే పని నుంచి వచ్చిన భర్త, తన భార్య కూర్చుని ఉండటం చూసి కంగారుపడి, "ఒంట్లో బాగా లేదా?" అని నుదుటి మీద చెయ్యి వేశాడు. పెళ్లయ్యాక ఆమె కూర్చుని ఉండగా అతను చూడటం అదే మొదలు. అత్తగారు విషయం చెప్పాక, ముక్కున వేలేసుకుని, తుడుపు గుడ్డ వెతుక్కుంటూ వెళ్లాడు. అది ఎక్కడుంటుందో అతనికి తెలియదు, చెప్పాల్సినావిడ శిక్షణలో ఉంది.

అత్తగారికి ఆ కార్యాలయంతో సొంత పని కూడా ఒకటి ఉంది. వీధిలో నంబర్లు మార్చినప్పుడు వాళ్ల ఇంటి నంబరు పొరపాటున ఎదురింటికి పోయింది. ఆవిడ మోకాళ్ల నొప్పులకు ఎక్కణ్ణించో పార్సిల్లో వచ్చే మందు అప్పట్నించీ ఎదురింటి పెద్దాయనకు చేరుతోంది. నంబరు నాది, మందూ నాదే అని ఆయన సంతకం పెట్టి తీసుకుంటున్నాడు. ఇప్పుడు మెట్లు రెండేసి ఎక్కుతున్నాడు. నంబరు దిద్దడానికి కావలసిందల్లా ఆ ఫైలు మీద డిప్యూటీగారి సంతకం. కోటు సంతకం పెట్టదు కాబట్టి ఆ పని కోడలి వల్ల కాలేదు.

"ఫొటో రోజున మీ డిప్యూటీ సీట్లోనే ఉంటాడా?" అని అడిగింది అత్తగారు ఒకరోజు.

"ఉండాలి అత్తయ్యా. ఈసారి తల కూడా ఆయనదే పెట్టాలట."

"నువ్వూ సీట్లోనే ఉంటావు. పెద్ద గుమస్తా ఎలాగూ ఉంటాడు." ఆవిడ కాసేపు మోకాలు రాసుకుంది. "అందరూ ఒక్కసారే దొరికే రోజు మళ్లీ ఎప్పుడొస్తుంది? నేనూ వస్తాను."

అన్నట్టుగానే, రెండోసారి చిత్రం తీసే రోజు పొద్దున్నే, తలుపులు తెరవక ముందే అత్తగారు వచ్చి వరుసలో మొదట నిలబడింది. అంతా ఆవిడ ఊహించినట్టే ఉంది. డైరెక్టరుగారు పట్టీ బిగించిన మెడతో సూటిగా గోడను చూస్తున్నారు. డిప్యూటీగారు కోటు లోపల స్వయంగా ఉన్నారు. మీసాలు గడువులోగా పెరగకపోవడంతో బజారులో కొని అతికించుకొచ్చారు. పెద్ద గుమస్తా శిల్పంలా ఉన్నారు. ఫ్యాన్లన్నీ ఆపేసి, చిత్రంలో పడేందుకు వీలు కల్పించారు. అత్తగారి ఇంటి ఫైలు కోడలు ముందురోజే వెతికి తీసి, తన స్టూలు వెనక అర అంచున పెట్టుకుంది. చెయ్యి చాపితే ఫైలు అందుతుంది. నాలుగడుగులు వేస్తే డిప్యూటీగారి బల్ల వస్తుంది. ఇన్నేళ్లలో ఆ ఫైలూ, ఆ సంతకమూ అంత దగ్గరగా ఎప్పుడూ లేవు.

ఫొటోగ్రాఫరు క్లిక్‌మనిపించడం మొదలుపెట్టాడు.

అత్తగారు కౌంటరు మీదికి వంగి నంబరు చెప్పింది. బొంగరం కదల్లేదు. అత్తగారు మళ్లీ చెప్పింది. బొంగరం కళ్లు మాత్రం అత్తగారి ముఖం మీద నిలిచాయి. ఆ కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి ఫైలు తీసి ఇచ్చేస్తే ఆవిడ మోకాళ్లు బాగుపడతాయి. లేస్తే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే నంబరు దిద్దినా లాభం లేదు, మందు కొనడానికే డబ్బుండదు. పాదాన్ని స్టూలు కడ్డీకి మెలేసుకుని కూర్చుంది.

వెనక నిలబడ్డ పెద్దమనిషి విసుక్కున్నాడు. "ఏంటండీ ఆవిడ, బొమ్మలా కూర్చుంది! లేవమనండి!"

అత్తగారు గిరుక్కున వెనక్కి తిరిగింది. "నా కోడలు. ఫొటో దిగుతోంది. అది కదిలితే ఊరుకోను, నువ్వు కదిలినా ఊరుకోను. నోరుమూసుకుని నిలబడు." తర్వాత కోడలి వైపు తిరిగి, గొంతు తగ్గించి అంది: "నువ్వు కదలకు తల్లీ. నా మోకాళ్లు ఎక్కడికీ పోవు. నేను నిలబడతాను."

ఆవిడ నిలబడింది. ఆవిడ నిలబడితే వెనకవాళ్లు ముందుకు వెళ్లే వీల్లేదు కాబట్టి వాళ్లూ నిలబడ్డారు. వరుస గోడ వెంబడి పెరిగి, తలుపు దాటి, వరండాలోకి పోయింది. ఫైలు కావలసినవాళ్లకు ఫైలు రాలేదు, సంతకం కావలసినవాళ్లకు సంతకం కాలేదు. అయినా జనం ఎవరూ గొడవ చెయ్యలేదు. మొదట చిరాకు పడ్డవాళ్లు కూడా కెమెరా తమ వైపు తిరగ్గానే జుట్టు సర్దుకుని, సంచి కనబడకుండా వెనక దాచుకుని, ఊపిరి బిగబట్టారు. సాయంత్రం దాకా చిరునామాల కార్యాలయం ఎవరూ కదలకుండా, ఎవరికీ ఏమీ జరగకుండా, సంపూర్ణ సామరస్యంతో నడిచింది.

కొత్త చిత్రం మొదటిదానికంటే ఎన్నో రెట్లు బాగా వచ్చింది. డైరెక్టరుగారికి తల వచ్చింది. కొంచెం బిగుసుకుపోయి ఉన్నా, లేనిదానికంటే నయమని అందరూ ఒప్పుకున్నారు. బొంగరం స్టూలు మీద, చేతులు ఒడిలో పెట్టుకుని, ఆ హాల్లోనే పుట్టి పెరిగినంత స్థిరంగా కూర్చుని ఉంది. కళ్లలో నీళ్లను కంప్యూటరు మెరుపుగా లెక్కగట్టి, ఆమె ఉత్సాహంగా ఉన్నట్టు చూపించింది. ఆమె శాశ్వత ఉద్యోగిని అయింది. ఆ ఉత్తర్వు చేతికొచ్చిన రోజు అత్తాకోడళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. అది నిజంగా సంతోషమే, అందులో వెటకారమేమీ లేదు.

కాకపోతే ఆ చిత్రంలో ఇంకొందరు కూడా ఉన్నారు. రోజంతా కదలకుండా నిలబడ్డ వరుస మొత్తం, అత్తగారితో మొదలుపెట్టి వరండా దాకా, చొక్కా గుండీలతో సహా దివ్యంగా పడింది. పై కార్యాలయంవారు చిత్రాన్ని పరిశీలించి, కౌంటరు అవతలి మనుషులను కార్యాలయపు స్థిర సామగ్రిలో భాగంగా గుర్తించారు. చెప్పకుండా ఎప్పుడు తనిఖీకి వచ్చినా చిత్రంలో ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోటే ఉండాలని ఆదేశించారు. పెద్ద గుమస్తా స్వయంగా లేచి వెళ్లి, వరుసలో ఒక్కొక్కరి పాదాల దగ్గర నేల మీద తెల్లరంగుతో గుండ్రంగా గీయించారు. ఆయన అంత దూరం నడవడం చూసి సిబ్బంది చలించిపోయారు.

దీనికి జనం ఎదురుతిరుగుతారని మీరనుకుంటే, మీరు ఏ ఊరివారో గానీ, అమాయకులు. జనం పొంగిపోయారు. ఎన్నాళ్లుగానో ఆ కార్యాలయం చుట్టూ తిరుగుతున్నా, అక్కడ తమకంటూ ఒక స్థానం ఉందని చెప్పినవాళ్లు లేరు. ఇప్పుడు గీసి మరీ ఇచ్చారు. ముందు గుండ్రంలో ఉన్నవాళ్లు వెనకవాళ్లను కొంచెం తక్కువగా చూడటం మొదలుపెట్టారు. హాలు లోపలివాళ్లు, వరండావాళ్లు అని రెండు తెగలు ఏర్పడ్డాయి. హాలువాళ్లు వరండావాళ్లతో వియ్యమందడం మానేశారు. ఒక పెద్దాయన తన తర్వాత తన గుండ్రం చిన్నకొడుక్కి చెందాలని చెబితే, పెద్దకొడుకు అలిగి మాట్లాడటం మానేశాడు. చుట్టాలింటికి వెళ్లినప్పుడు, "మా ఆయన చిరునామాల ఆఫీసులో ఉంటారు," అని చెప్పుకోవడం ఇల్లాళ్లకు అలవాటైంది. అది అబద్ధం కాదు కదా.

అత్తగారిది మొదటి స్థానం. ఆవిడ రోజూ పొద్దున్న కోడలితో కలిసి బయల్దేరుతుంది. ఒకావిడ కౌంటరుకు ఇటు కూర్చుంటుంది, ఒకావిడ అటు నిలబడుతుంది. మధ్యాహ్నం ఒకే డబ్బాలోంచి తింటారు. ఇంటి ఫైలు అర అంచునే ఉంది. చిత్రంలో అది అక్కడే ఉంది కాబట్టి అక్కడి నుంచి తీయడానికి వీల్లేదు. బొంగరం స్టూలు మీద ఉంది కాబట్టి లేవడానికి వీల్లేదు. ఉత్తర్వు వచ్చిన మొదటి రోజుల్లో ఆమెకు రాత్రిళ్లు కాళ్లు లాగేవి. పరిగెత్తాలనిపించేది. తను లేచి తిరిగిన రోజుల్లో ఎంతమంది పని అయిపోయి ఇళ్లకు వెళ్లిపోయేవారో గుర్తొచ్చి సిగ్గనిపించేది. జీతం చేతికి వచ్చాక ఆ లాగడం కొంచెం తగ్గింది, సిగ్గు తగ్గలేదు.

ఈమధ్య ఊరికి కొత్తగా వచ్చిన ఒకాయన చిరునామా రాయించుకోవడానికి వచ్చాడు. వరుసను చూశాడు. వరుస ముందున్న ముసలావిడను, ఆవిడ కాళ్ల వాపును చూశాడు. నేరుగా కౌంటరు దగ్గరికి వెళ్లి, ఏం కావాలని ఆవిడనే అడిగి తెలుసుకుని, అర అంచున ఉన్న ఫైలును చూపించాడు.

"అదే కదండీ మీ ఫైలు? ఈ మేడమ్ వెనకే ఉంది. చెయ్యి చాపి అందిస్తే అయిపోయేదానికి, ఇంతమంది ఇలా నిలబడటం ఏంటండీ?"

అడిగినవాడి గొంతులో కోపం లేదు, అర్థంకాక అడిగినట్టే ఉంది. బొంగరం కుడిచెయ్యి ఒడిలోంచి పైకి లేచింది. లేపాలని ఆమె అనుకోలేదు, అది ఏళ్ల తరబడి పని చేసిన చెయ్యి. భుజం తిరిగింది, వేళ్లు ఫైలు తాడును తాకాయి. పెద్ద గుమస్తా నిద్రలో ఉన్నారు. డైరెక్టరుగారు గోడను చూస్తున్నారు. డిప్యూటీగారు మళ్లీ కోటు ఒక్కటే. కెమెరా ఊళ్లో ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఆ క్షణంలో ఆమెను ఆపడానికి కార్యాలయం తరఫున ఒక్కరు కూడా లేరు.

"కదలకమ్మా! ఫొటో చెడిపోతుంది!" అని హాలూ వరండా కలిసి ఒక్క గొంతుతో అరిచాయి. అందరికంటే గట్టిగా అరిచింది అత్తగారు.

చెయ్యి మళ్లీ ఒడిలోకి వచ్చేసింది. కొత్తాయన ఫైలు వైపు చాపిన వేలు దించాడు. అందరి ముఖాలూ చూశాడు. ఆ తర్వాత మనలో ఎవరైనా చేసే పనే చేశాడు. చొక్కా సర్దుకుని, జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకుని, వెళ్లి వరుస చివర నిలబడ్డాడు.